అంగడికి ఆన్‌లైన్ తాళం!

దసరాకు పది రోజుల ముందు. మంగళగిరి చీరలకు ఆర్డర్లు జోరుగా వస్తున్నాయి. ప్యాకింగ్ కవర్లు, టేపులు, లేబుళ్లతో ముందుగది నిండిపోయింది. అంతలో ఓ ఈ-మెయిలు... 'మీ ఖాతాను సస్పెండ్ చేశాం' అని. తెల్లారేసరికి సైటులో ఒక్క చీరా కనిపించదు. అమ్మినవాటి డబ్బు బ్యాంకులో పడదు. కంపెనీ గోదాముకు పంపిన సరకు అక్కడే ఉండిపోతుంది. అమెజాన్, ఫ్లిప్‌కార్ట్, మీషో లాంటి చోట్ల అమ్మకాలు చేసే చిన్న వ్యాపారులందరికీ గుండెల్లో ఉండే భయమే ఇది.

బజార్లో కొట్టు అద్దెకు తీసుకుంటే ఖాళీ చేయించడానికి యజమాని ముందుగా చెప్పాలి, కాస్త గడువివ్వాలి. ఆన్‌లైన్ కొట్టు సంగతి అలా కాదు. ఖాతా తెరిచేటప్పుడు 'అంగీకరిస్తున్నాను' అని ఓ గడిలో టిక్కు పెడతామే... దాని వెనక పేజీలకు పేజీల ఒప్పందం ఉంటుంది. ఖాతాను ఎప్పుడు ఆపొచ్చు, డబ్బు ఎన్నాళ్లు పట్టి ఉంచొచ్చు, తగవొస్తే ఏ ఊళ్లో తేల్చుకోవాలి... అన్నీ అందులోనే. దాన్ని చాలామంది మొదటిసారి చదివేది తాళం పడ్డాకే!

రెండు ఫిర్యాదులు చాలు

ఆపడానికి కారణాలు చాలానే ఉంటాయి. మొదటిది మార్కులు తగ్గడం. అమెజాన్ సంగతే తీసుకుంటే లోపాలున్న ఆర్డర్లు 1 శాతం లోపే ఉండాలి. ఆలస్యంగా పంపినవి 4 శాతం, పంపకముందే అమ్మకందారు రద్దు చేసినవి 2.5 శాతం దాటకూడదు. లక్ష ఆర్డర్లున్న పెద్ద వ్యాపారికి వంద ఫిర్యాదులొచ్చినా లెక్కలోకి రావు. వంద ఆర్డర్లున్న ఇల్లాలికి మాత్రం రెండంటే రెండు చాలు, గీత దాటేసినట్లే. శాతాల లెక్క పైకి అందరికీ సమానంగా కనిపిస్తుంది కానీ దెబ్బ తగిలేది చిన్నవాళ్లకే.

రెండోది కాగితాలు. జీఎస్టీలో ఒక పేరు, పాన్ కార్డులో మరోలా, బ్యాంకు ఖాతాలో ఇంటిపేరు ముందూ వెనకా... మన పేర్లతో ఈ తంటా ఎప్పుడూ ఉండేదే. రిటర్నులు దాఖలు చేయక జీఎస్టీ రిజిస్ట్రేషన్ రద్దయినా అమ్మకాలు ఆగిపోతాయి.

అన్నిటికన్నా చిక్కుముడి మూడోది: 'ఇది నకిలీ సరకు' అన్న ఫిర్యాదు. అప్పుడు కంపెనీ అడిగేది ఒక్కటే, సరకు ఎక్కడ కొన్నారో చూపే బిల్లులు. పోచంపల్లి చీరకు భౌగోళిక గుర్తింపు ఉంది. అంటే ఆ పేరుతో ఎక్కడో మరమగ్గం మీద నేసిన బట్ట అమ్మకూడదు. మంచిదే. కానీ నేతన్న ఇంటికెళ్లి, మగ్గం మీంచి దింపిన చీరను చేతిలో డబ్బు పెట్టి తెచ్చుకున్న మనిషి దగ్గర బిల్లేది? అసలైన సరకు అమ్మినవాళ్లే నిరూపించుకోలేక దోషిగా నిలబడేది ఇక్కడే. అందుకే సహకార సంఘం నుంచి కొన్నా, మాస్టర్ వీవర్ దగ్గర కొన్నా తేదీ, సరకు వివరం, ఎన్ని, ఎంతకు అన్నవన్నీ ఉన్న బిల్లు తీసుకోవాలి. డబ్బు కూడా బ్యాంకు ద్వారా పంపితే ఆ లెక్క బిల్లుకు తోడు సాక్ష్యమవుతుంది.

వేడుకోలు కాదు, వివరణ

మెయిలు రాగానే చాలామంది చేసే పని... 'ఇల్లు గడవదు, దయచేసి తెరవండి' అని రాయడం. ఆ బాధ నిజమే, దానివల్ల ఒరిగేది మాత్రం తక్కువ. అవతలివాళ్లు చూసేది మూడు సంగతులే. తప్పు ఎందుకు జరిగింది? ఇప్పటికే ఏం సరిచేశారు? మళ్లీ జరక్కుండా ఏం చేస్తారు? చీరల రంగు పోయిందన్న ఫిర్యాదులొచ్చాయనుకుందాం. 'ఇకనుంచి జాగ్రత్తగా ఉంటాం' అంటే కుదరదు. ఫలానా నెలలో ఫలానా చోట కొన్న లాటులోనే రంగు నిలవలేదు, మిగిలినవి అమ్మకం నుంచి తీసేశాం, కొన్నవారికి డబ్బు తిరిగిచ్చేశాం, ఇకపై ప్రతి లాటులోనూ ఒక చీర ఉతికి చూశాకే ఫొటో పెడతాం... ఇలా ఉండాలి. తప్పు మీది కాకపోతే ఒప్పుకోనక్కర్లేదు, ఆ సంగతి కాగితాలతో చూపించాలి. ఆదరాబాదరాగా రోజుకో మెయిలు పంపేకంటే రెండు రోజులు ఆగి అన్నీ జతచేసి ఒక్కటి పంపడం మేలు. గడువేమైనా ఇచ్చారేమో చూసుకుని మరీ!

ఈలోగా తోడికోడలి పేరుతోనో తమ్ముడి పేరుతోనో ఇంకో ఖాతా తెరిస్తే? చిరునామా, బ్యాంకు వివరాలు, కంప్యూటరు... ఏదో ఒకటి కలిసి పట్టుబడే అవకాశమే ఎక్కువ. పాతది తెరుచుకునే దారీ మూసుకుపోవచ్చు, కొత్తదీ పోతుంది.

'లోపల మనవాళ్లున్నారు, ఇంతిస్తే తెరిపిస్తాం' అంటూ వచ్చేవాళ్ల సంగతి మరీ ప్రమాదం. అమెజాన్ ఉద్యోగులకు లంచాలిచ్చి, సస్పెండైన ఖాతాలను తెరిపించారంటూ 2020 సెప్టెంబరులో అమెరికాలోని సియాటిల్‌లో ఆరుగురిపై అభియోగాలు నమోదయ్యాయి. వారిలో హైదరాబాద్‌లో అమెజాన్ అమ్మకందారుల సహాయ విభాగంలో పనిచేసి, ఆపై సలహాదారుగా మారిన వ్యక్తి కూడా ఉన్నాడు. తప్పు ఒప్పుకున్న అతడికి 2022లో 10 నెలల జైలుశిక్ష పడింది.

జర్మనీ చెబితే కదిలింది

ఒకప్పుడు అమెజాన్ ఒప్పందం ప్రకారం కారణం చెప్పకుండానే, అప్పటికప్పుడు ఖాతా మూసేయొచ్చు. జర్మనీలోని పోటీ నియంత్రణ సంస్థ విచారణ మొదలుపెట్టాక 2019లో ఆ నిబంధన మారింది. మామూలుగా ఒప్పందం ముగించాలంటే 30 రోజుల ముందు చెప్పాలి. వెంటనే ఆపితే కారణం తెలపాలి. ఈ మార్పు జర్మనీకే కాక ఇతర దేశాల అమెజాన్ అంగళ్లకూ వర్తించింది. ఐరోపా సంఘమైతే 2020 జులై 12 నుంచి అమల్లోకి వచ్చిన నిబంధనల్లో కారణం రాసివ్వడాన్ని తప్పనిసరి చేసింది.

మన దగ్గర 2020లోనే ఈ-కామర్స్ నియమాలొచ్చాయి. ఫిర్యాదు అందినట్లు 48 గంటల్లో చెప్పాలి, నెలలో పరిష్కరించాలి అన్న నియమం అందులో ఉంది. కానీ అది కొనుక్కునేవారి ఫిర్యాదులకు! అమ్ముకునేవారికి అలాంటి గడియారం పెట్టలేదు. ఇది పెద్ద లోటే. ఒకే రకం అమ్మకందారుల మధ్య తేడా చూపిస్తే ఆ సంగతి నిబంధనల్లో వివరించాలని మాత్రం ఆ నియమాలు చెబుతున్నాయి.

అప్పీళ్లన్నీ అయిపోతే మిగిలేది లాయరు నోటీసు, ఆపై ఒప్పందంలో రాసిన కోర్టు లేదా మధ్యవర్తి. ఏకైక మధ్యవర్తిని తగవుతో సంబంధమున్న ఒక పక్షమే ఎంపిక చేయడం కుదరదని సుప్రీంకోర్టు 2019లో తీర్పు చెప్పింది. అత్యవసరమైతే మధ్యవర్తిత్వం మొదలవకముందే తాత్కాలిక ఉత్తర్వు కోసం కోర్టుకు వెళ్లే వీలు 1996 నాటి చట్టంలోనే ఉంది. అయితే ఇరవై వేల రూపాయల కోసం దూరపు నగరంలో కేసు నడపడం ఎంతమంది వల్లవుతుంది? పెద్ద మొత్తం ఇరుక్కుంటేనే ఆ దారి.

తాళం పడ్డాక లోపలి లెక్కలు చూడనివ్వకపోవచ్చు. అందుకే ఆర్డర్ల జాబితా, చెల్లింపుల వివరాలు, పన్ను కాగితాలు నెలనెలా దించుకుని ఇంట్లో కంప్యూటర్లో దాచుకోవాలి. ఒప్పందం ప్రతి కూడా. గోదాములో సరకుంటే దాన్ని వెనక్కి తెప్పించుకోవడానికి గడువెంతో, రుసుమెంతో ముందే చూసుకోవాలి. గడువు దాటితే సరకును వాళ్లే వదిలించుకునేలా నిబంధనలుంటాయి మరి.