పసుపుపై పేటెంటు

వేలు తెగిన వెంటనే ఇంత పసుపు అద్దుట మన ఇండ్లలో తరతరములుగా ఉన్న వాడుక. దీనిని మొదట ఎవరు కనిపెట్టిరని అడిగినచో ఎవ్వరును చెప్పలేరు. అయినను 1995 మార్చి 28వ తేదీన అమెరికా పేటెంటు కార్యాలయము, గాయములను మాన్పుటకు పసుపును ఉపయోగించు పద్ధతిపై 5,401,504 సంఖ్య గల పేటెంటును మిసిసిపి విశ్వవిద్యాలయపు వైద్య కేంద్రమునకు మంజూరు చేసెను. అందరెరిగిన విషయముపై ఒకరికి హక్కు ఎట్లు లభించెను? అది తరువాత ఎట్లు రద్దయ్యెను? ఈ వృత్తాంతము తెలిసినచో పేటెంటు స్వరూపము చక్కగా బోధపడును.

భూమి, ఇల్లు మున్నగు ఆస్తులపై వలెనే బుద్ధిబలముచే సృష్టించిన వానిపై కూడ చట్టము కొన్ని హక్కులను కల్పించుచున్నది. వీనిని మేధాసంపత్తి హక్కులు అందురు. పుస్తకము, పాట, చిత్రము మొదలగు వానిని కాపాడునది కాపీరైటు. మన దేశమున గ్రంథముపై ఈ హక్కు రచయిత జీవితకాలమే గాక, మరణానంతరము 60 సంవత్సరములు ఉండును. ఒక వర్తకుని సరకును గుర్తించుటకు తోడ్పడు పేరును, ముద్రను కాపాడునది ట్రేడ్‌మార్కు. పోచంపల్లి ఇక్కత్ వంటి, ఒక ప్రాంతమునకు చెందిన ప్రసిద్ధ వస్తువుల పేరును కాపాడునది భౌగోళిక సూచిక. క్రొత్త వస్తువును గాని, దానిని తయారుచేయు క్రొత్త పద్ధతిని గాని కాపాడునది పేటెంటు.

పేటెంటు ఒక ఒడంబడిక వంటిది. ఆవిష్కర్త తాను కనిపెట్టిన దానిని, ఆ శాఖలో నేర్పరియైన మరియొకడు చదివి చేయగలుగునంత వివరముగా వ్రాసి ఇయ్యవలెను. ఆ వివరము ప్రకటింపబడి అందరికిని అందును. దీనికి ప్రతిఫలముగా, దరఖాస్తు చేసిన తేదీనుండి 20 సంవత్సరముల వరకు, తన అనుమతి లేక ఇతరులు దానిని తయారుచేయకుండ, అమ్మకుండ అడ్డగించు హక్కు అతనికి లభించును. గడువు తీరిన పిదప అది అందరి సొత్తగును.

ఒక దేశపు పేటెంటు ఆ దేశపు ఎల్లలలోనే చెల్లును. కనుక మన ఇంటిలో పసుపు అద్దుకొనుటను అమెరికా పేటెంటు ఆపజాలదు. కాని అమెరికాలో గాయములకు మందుగా పసుపును అమ్మదలచినవారికి అది అడ్డు రాగలదు. చిక్కంతయు అచ్చటనే కలదు.

పేటెంటు పొందుటకు ఆవిష్కరణ మూడు పరీక్షలకు నిలువవలెను. అది క్రొత్తదై ఉండవలెను, ఆ శాఖలోని నేర్పరులకు సులభముగా తట్టునది కాకూడదు, ఉపయోగకరమై ఉండవలెను. పసుపు మొదటి పరీక్షలోనే తప్పవలసినది గదా! కాని అప్పటి అమెరికా చట్టము ప్రకారము, అన్యదేశములలో ఒక విషయము వాడుకలో ఉన్నంత మాత్రమున దాని క్రొత్తదనము పోదు. అది అచ్చయిన గ్రంథములలోనో, ఇతర పేటెంటులలోనో ఉన్నట్లు చూపవలెను. మన అవ్వలు చేసిన వైద్యము ఆ చట్టమునకు సాక్ష్యము కాలేదు. 2013 మార్చి నుండి అమలులోనున్న సవరణచే, ఏ దేశమునందైనను ప్రజలలో వాడుకలోనున్న దానిని ఆ చట్టము ఇప్పుడు లెక్కలోనికి తీసికొనుచున్నది.

మన దేశపు శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధనా మండలి 1996లో ఈ పేటెంటును పునఃపరిశీలింపవలెనని కోరెను. అందుకు 32 ఆధారములను సమర్పించెను. వానిలో ప్రాచీన గ్రంథములతో పాటు, 1953లో భారత వైద్య సంఘ పత్రికలో వెలువడిన వ్యాసము కూడ ఉండెను. 1997లో ఆ కార్యాలయము, పసుపు గుణము క్రొత్తది కాదని అంగీకరించి, పేటెంటులోని హక్కులనన్నిటిని త్రోసిపుచ్చెను.

ఈ అనుభవము వృథా కాలేదు. 2001లో సాంప్రదాయిక విజ్ఞాన డిజిటల్ గ్రంథాలయ నిర్మాణము ఆరంభమయ్యెను. ఆయుర్వేద, యునాని, సిద్ధ గ్రంథములలోని యోగములను ఇంగ్లీషు, ఫ్రెంచి, జర్మన్, స్పానిష్, జపనీస్ భాషలలో పొందుపరచి, విదేశీ పేటెంటు పరీక్షకులకు అందుబాటులో ఉంచిరి. సాంప్రదాయిక విజ్ఞానము పేటెంటుకు అర్హము కాదని మన పేటెంటు చట్టము కూడ స్పష్టము చేయుచున్నది.

విద్యార్థులు దీనినుండి రెండు విషయములు గ్రహింపవలెను. గ్రామములలో పెద్దల నోటనే మిగిలియున్న విజ్ఞానమును వ్రాసి ప్రకటించినచో, దానిని క్రొత్తదని చెప్పి పేటెంటు పొందుట ఇతరులకు కష్టమగును. కాని మీరే ఒక క్రొత్త పరికరమును కనిపెట్టినచో పద్ధతి వేరు. దానిని ముందుగా పత్రికలో ప్రకటించినను, ప్రదర్శనలో పెట్టినను సామాన్యముగా క్రొత్తదనము పోయి, పేటెంటు మీకును దక్కదు. కావున ముందు దరఖాస్తు, పిదప ప్రదర్శన. పరికరము పూర్తిగా సిద్ధము కాకున్నను తాత్కాలిక వివరణతో దరఖాస్తు చేయవచ్చును. పూర్తి వివరణను 12 నెలలలోగా దాఖలు చేయవలెను. పాఠశాలలో వైజ్ఞానిక ప్రదర్శన ఏర్పాటు చేయు ఉపాధ్యాయులు ఈ మాటను పిల్లలకు ముందుగానే చెప్పుట మేలు.