గోడ పట్టు వదలిన వాననీటి గొట్టం

ఉర్దూలో ఒక సామెత ఉన్నది. పంచాయతీ పెద్దల మాట తనకు శిరోధార్యమేనట. కాని పర్‌నాలా మాత్రం ఇదివరకు పడుతున్న చోటనే పడుతుందట! పర్‌నాలా అనగా ఇంటి కప్పుమీది వాననీటిని క్రిందికి విడిచే తూము. మొండివాని స్వభావమును తెలుపుటకు పుట్టిన ఈ సామెతను బట్టి ఇరుగుపొరుగుల నీటి తగవు ఎంత పాతదో కూడ తెలియుచున్నది. అమీర్‌పేట, పంజగుట్ట సందులలో తూముకు బదులు నేడు గోడవెంట దిగే గొట్టం ఉన్నది. అది పట్టు వదలి ఊగుతున్నా, తీగతో కట్టి కాలం గడపడం మనకు అలవాటయినది.

ఆ గొట్టం మోసే బాధ్యత చిన్నది కాదు. నూరు చదరపు మీటర్ల డాబామీద ఒక్క సెంటీమీటరు వాన కురిస్తే వెయ్యి లీటర్ల నీరు చేరుతుంది. 2000 ఆగస్టు 24న పొరుగుననే ఉన్న బేగంపేటలో ఒక్క రోజులో సుమారు 24 సెంటీమీటర్ల వర్షం నమోదయినది. అనగా అటువంటి డాబానుండి దిగవలసినది 24 వేల లీటర్లు!

ఇక గొట్టం వదులగుటకు కారణములు చూద్దాం. మన ఇండ్ల వెలుపలి గోడకు ఇటుకమీద సుమారు 20 మిల్లీమీటర్ల మందమున గిలాబు ఉంటుంది. గిలాబు గోడకు కప్పిన చొక్కా వంటిది. బరువు మోయుటకు ఉద్దేశించినది కాదు. పనివాడు పొట్టి మేకు కొడితే పట్టీ ఆ చొక్కాకే వ్రేలాడుతుంది. మేకు తుప్పు పట్టినపుడు ఉబ్బి గిలాబును పగులదీస్తుంది. కొయ్య బిరడా అయితే వానకు ఉబ్బి, ఎండకు కుంచించి, తుదకు చీకిపోతుంది. ప్లాస్టిక్ గొట్టమునకు మరొక గుణమున్నది. వేడిమి 30 డిగ్రీలు మారితే మూడు మీటర్ల గొట్టం సుమారు 6 మిల్లీమీటర్లు సాగుతుంది. సాగుటకు చోటు లేకపోతే పట్టీలనే పెకలిస్తుంది. పైన జాలీలో ఆకులు అడ్డుపడి నీరు నిలిస్తే నాలుగంగుళాల గొట్టంలో మీటరుకు ఎనిమిది కిలోల పైచిలుకు బరువు చేరుతుంది.

పట్టీ వెంట గిలాబు పెచ్చు కూడ ఊడవచ్చును. 2019 సెప్టెంబరు 22న అమీర్‌పేట మెట్రో స్టేషను వద్ద వానకు తలదాచుకొన్న ఒక యువతి, పైనుండి ఊడిపడిన పెచ్చు తగిలి మరణించినది. అచట కారణం వాననీటి గొట్టం కాదు. కాని ఎత్తునుండి రాలిన చిన్న పెచ్చు ఏమి చేయగలదో ఆ దుర్ఘటన చూపినది. హాస్టళ్లు క్రిక్కిరిసిన ఆ సందులలో గోడ ప్రక్కగా నడిచేవారిలో అధికులు విద్యార్థులే.

మరమ్మతుకు మొదటి మెట్టు పరీక్ష. పట్టీ చుట్టూ తాపీ పిడితో మెల్లగా తట్టవలెను. డొల్ల శబ్దం వచ్చినంత మేర గిలాబును తొలగించవలెను. జాలీని శుభ్రపరచి గొట్టంలో అడ్డు తీసివేయవలెను. పాత రంధ్రంలోనే ఇంకా లావు మేకు దిగగొట్టడం పొరపాటు. దానిని పూడ్చి, కొంచెం ఎడముగా, ఇటుకల అతుకులో గాక ఇటుకలోనే కొత్త రంధ్రం తొలవవలెను. అది గిలాబును దాటి ఇటుకలోనికి కనీసం 40, 50 మిల్లీమీటర్లు పోవలెను. ప్లాస్టిక్ బిరడా ఇటుకలోనే కూర్చుండవలెను. మర మేకు తుప్పు పట్టనిదై, 70 మిల్లీమీటర్లకు తగ్గనిదై ఉండవలెను. ప్రతి అతుకు క్రిందను ఒక పట్టీ, నడుమ రెండు మీటర్లకు మించని దూరంలో మరొకటి ఉండవలెను. అతుకు వద్ద పట్టీని బిగించి, మిగిలినవి గొట్టం జారునంత వదులుగా ఉంచవలెను. అతుకు లోపల 10 మిల్లీమీటర్ల ఖాళీ విడువవలెను.

తొలగించిన చోట ఇటుకను తడిపి, ఒక పాలు సిమెంటుకు నాలుగు పాళ్ల ఇసుక కలిపి పూసి, వారం రోజులు నీరు చల్లవలెను. అయితే డంగు సున్నపు పాత గోడకు సున్నపు గిలాబే తగినది. సిమెంటు అతుకు తేమను లోపలనే బంధించి, కొన్నాళ్లకు పెచ్చుగా విడిపోతుంది.

ఈ పని మృగశిర కార్తెకు ముందే ముగియవలెను. తడిసిన గోడమీద అతుకు నిలువదు. నిచ్చెన ఎక్కినవానికి క్రింద పట్టుకొనే మనిషి తప్పనిసరి. ఎత్తైన మేడలపై పని మేస్త్రీకే విడువవలెను. అద్దెకుండే విద్యార్థి గోడకు రంధ్రం తొలవనక్కరలేదు. ఊగే గొట్టాన్ని చూచిననాడే ఇంటి యజమానికి చెప్పి, పని జరిగేవరకు దాని క్రింద ఎవరినీ నిలువనీయకుండుట చాలును. సామెతలోని మొండివాడు పెద్దల మాటకు తల వంచి కూడ పర్‌నాలాను కదపలేదు. మనము గొట్టమును గోడకు సరిగా బిగించి, దాని నీరు పొరుగువాని గోడమీద పడకుండ చూచుకొందాము.