వండర్‌లా, రామోజీ ఫిల్మ్ సిటీకి ఫ్యామిలీతో వెళ్తున్నారా? టికెట్ కొనేముందు ఈ లెక్కలు చూసుకోండి

సెలవులొస్తే చాలు, హైదరాబాద్ ట్రిప్ అనగానే పిల్లల నోట ముందుగా వచ్చే పేర్లు రెండే. ఒకటి విజయవాడ హైవే మీదున్న రామోజీ ఫిల్మ్ సిటీ. రెండోది ఔటర్ రింగ్ రోడ్డు పక్కన రావిర్యాల దగ్గరున్న వండర్‌లా. ప్రయాణం, రూము, టికెట్లు, తిండి అన్నీ కలిపితే నలుగురున్న కుటుంబానికి వేలల్లోనే ఖర్చవుతుంది. ఏడాదికి ఒకసారి కుదిరే ట్రిప్ ఇది. అంత డబ్బు పోసి వెళ్లాక సగం రోజు లైన్‌లోనే గడిచిపోతే? పిల్లాడిని రైడ్ దగ్గరే ఆపేస్తే? అమ్మ రోజంతా బ్యాగులకు కాపలా కూర్చోవాల్సి వస్తే? చాలా కుటుంబాల విషయంలో జరిగేది ఇదే. ముందురోజు ఇంట్లో ఓ అరగంట ప్లాన్ చేసుకుంటే ఈ మూడింటినీ తప్పించుకోవచ్చు.

రెండూ ఒకటే అనుకోవద్దు

మొదటి పొరపాటు ఇక్కడే మొదలవుతుంది. రామోజీ ఫిల్మ్ సిటీ, వండర్‌లా రెండూ ఒకే రకం పార్కులు కావు. 1996లో మొదలైన రామోజీ ఫిల్మ్ సిటీ 1,666 ఎకరాల్లో ఉంది. ప్రపంచంలోనే అతిపెద్ద ఫిల్మ్ స్టూడియో కాంప్లెక్స్‌గా గిన్నిస్ రికార్డు దాని పేరు మీదే ఉంది. అక్కడ ప్రధానంగా బస్సు టూర్, సినిమా సెట్లు, గార్డెన్లు, స్టేజ్ షోలు ఉంటాయి. బాహుబలి సెట్, బర్డ్ పార్క్, సీతాకోకచిలుకల పార్క్ అంతా చూడ్డానికే. పిల్లల రైడ్స్ ఉన్నాయి కానీ గుండె జారిపోయే రోలర్ కోస్టర్ల కోసం వెళ్లే చోటు కాదది.

2016లో ఓపెన్ అయిన వండర్‌లా హైదరాబాద్ పూర్తిగా రైడ్స్ పార్క్. కొచ్చి, బెంగళూరు తర్వాత ఆ సంస్థ పెట్టిన మూడో పార్క్ ఇది. ఇక్కడ చూడ్డానికి తక్కువ, ఎక్కడానికి ఎక్కువ. అంటే తాతయ్య, నానమ్మలతో, చంటిపిల్లతో వెళ్తుంటే రామోజీ ఫిల్మ్ సిటీ మేలు. పదేళ్లు దాటిన పిల్లలు, కాలేజీ కుర్రాళ్లు ఉంటే వండర్‌లా. ఇద్దరూ ఉన్న ఉమ్మడి కుటుంబమైతే రెండు రోజులు పెట్టుకోండి. ఒకే రోజులో రెండూ అన్న ఆలోచన మాత్రం అస్సలు వద్దు. రెండు టికెట్ల డబ్బులూ వృథా అవుతాయి.

ఏ రోజు వెళ్లాలి?

వీకెండ్ వద్దు, వీక్ డేస్‌లో వెళ్లండి అని అందరూ చెబుతారు. నిజమే కానీ పూర్తిగా కాదు. మన రెండు రాష్ట్రాల్లో స్కూళ్లు, కాలేజీల ఎక్స్‌కర్షన్లు ఎక్కువగా చలికాలంలోనే ఉంటాయి. డిసెంబర్, జనవరి నెలల్లో బుధవారం వెళ్లినా గేటు ముందు స్కూల్ బస్సులు వరుసగా కనిపించొచ్చు. మంగళవారమే కదా, ఖాళీగా ఉంటుందనుకుని వెళ్తే వందల మంది పిల్లల వెనకాల నిలబడాల్సి వస్తుంది.

నన్నడిగితే జూన్ మూడో వారం నుంచి జులై దాకా మంచి టైమ్. అప్పటికి స్కూళ్లు తెరిచేస్తారు, ఎక్స్‌కర్షన్లు ఇంకా మొదలవ్వవు, ఎండ కూడా తగ్గుతుంది. పిల్లలతో ఒక రోజు బడి మాన్పించాలి, అదొక్కటే ఇబ్బంది. వర్షం మాటేంటంటారా? చిన్న జల్లుకు పెద్దగా నష్టం లేదు. ఎలాగూ తడవడానికే వెళ్తున్నాం. కానీ గట్టి వాన, పిడుగుల సూచన ఉంటే ఎత్తైన రైడ్స్ ఆపేస్తారు. అలా ఆపినప్పుడు టికెట్ డబ్బులు తిరిగిస్తారా, ఇంకో రోజుకు మారుస్తారా అన్నది బుకింగ్ నిబంధనల్లో ముందే చదువుకోండి. వాతావరణ శాఖ ఎల్లో అలర్ట్, ఆరెంజ్ అలర్ట్ ఇచ్చిన రోజును వదిలేయడమే తెలివైన పని.

మే నెలలో వెళ్లక తప్పదంటే ఒకటి గుర్తుంచుకోండి. రామోజీ ఫిల్మ్ సిటీలో ఒక చోటు నుంచి ఇంకో చోటుకు ఎండలో తిరగాలి. టోపీ, వాటర్ బాటిల్, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు బ్యాగులో ఉండాల్సిందే.

లైన్ ఎంతసేపు పడుతుందో మీరే లెక్కేసుకోవచ్చు

ఇది చాలామందికి తెలియని కిటుకు. రైడ్ దగ్గర లైన్ పొడవు చూసి భయపడొద్దు, పొట్టిగా ఉంది కదా అని సంబరపడొద్దు. రెండు విషయాలు గమనించండి. ఒక్కసారికి ఎంతమందిని ఎక్కిస్తున్నారు? ఒక రౌండ్‌కీ ఇంకో రౌండ్‌కీ మధ్య ఎన్ని నిమిషాలు పడుతోంది? ఉదాహరణకు ఒక రైడ్‌లో 20 మంది ఎక్కుతున్నారు, నాలుగు నిమిషాలకోసారి కదులుతోంది అనుకుందాం. గంటకు 15 రౌండ్లు, అంటే 300 మంది. మీ ముందు 150 మంది ఉంటే అరగంట. అదే 8 మందే ఎక్కే రైడ్ అయితే గంటకు 120 మందే. అక్కడ ముందు 60 మంది ఉన్నా మీకు అదే అరగంట పడుతుంది.

వండర్‌లాలో బాగా పేరున్న రికాయిల్ కోస్టర్‌నే తీసుకోండి. అది ముందుకు వెళ్లి, లూపులు తిరిగి, మళ్లీ అదే ట్రాక్ మీద వెనక్కి వస్తుంది. ట్రాక్ గుండ్రంగా కలవదు కాబట్టి ఒకేసారి రెండు ట్రైన్లు నడపడం కుదరదు. వెళ్లింది తిరిగొచ్చి, వాళ్లు దిగి, కొత్తవాళ్లు ఎక్కి, లాక్‌లు చెక్ చేశాకే మళ్లీ కదులుతుంది. అందుకే మధ్యాహ్నానికి అక్కడ లైన్ పెరిగిపోతుంది. గేటు తెరవగానే ముందు అటు వెళ్లండి. గేటు లోపలికి రాగానే ఎదురుగా కనిపించే మొదటి రైడ్ దగ్గరే జనమంతా ఆగిపోతారు. అక్కడ ఆగకుండా లోపలికి నడిస్తే మొదటి గంటలోనే మూడు పెద్ద రైడ్స్ అయిపోతాయి.

వాటర్ రైడ్స్ టైమింగ్స్ వేరుగా ఉంటాయి. అవి ఆలస్యంగా తెరుచుకుంటాయి, పార్క్ కంటే ముందే మూసేస్తారు. కాబట్టి పొద్దున డ్రై రైడ్స్, మధ్యాహ్నం నీళ్లు, సాయంత్రం బట్టలు మార్చుకున్నాక మిగిలిన డ్రై రైడ్స్. ఈ వరుస తప్పితే తడి బట్టలతో లైన్లలో వణకాలి. ఆ రోజు టైమింగ్స్ ఏంటో టికెట్ తీసుకునేటప్పుడే అడగండి.

ఇక ఫాస్ట్‌ట్రాక్ టికెట్. మామూలు టికెట్ కంటే బాగా ఎక్కువ రేటు. రద్దీ లేని రోజున అది దండగ. దసరా సెలవుల్లో ఆదివారం పూట ఊరి నుంచి వచ్చి, ఒక్క రోజే ఉంటే మాత్రం ఆలోచించొచ్చు. కుటుంబం మొత్తానికీ కొనాల్సిన పనిలేదు. పెద్ద రైడ్స్ ఎక్కేవాళ్లకు మాత్రమే తీసుకుంటే సరిపోతుంది.

పిల్లాడి వయసు కాదు, ఎత్తు చూస్తారు

మావాడికి పన్నెండేళ్లు, అన్నీ ఎక్కొచ్చు అనుకుంటే కుదరదు. వండర్‌లాలో పిల్లల టికెట్‌కైనా, రైడ్ ఎక్కడానికైనా ఎత్తే లెక్క. పెద్ద థ్రిల్ రైడ్స్‌లో చాలావాటికి 140 సెంటీమీటర్లు ఉండాలి. గంట సేపు లైన్‌లో నిలబెట్టి, తీరా కొలబద్ద దగ్గర వెనక్కి పంపితే పిల్లాడి ఏడుపు ఆ రోజంతా ఆగదు. బయల్దేరే ముందే ఇంట్లో గోడకు ఆనించి చెప్పుల్లేకుండా కొలవండి. 138 ఉంటే ఏ రైడ్స్ కుదరవో ముందే చెప్పండి. బతిమాలి ఎక్కించేద్దాం, మందపాటి షూస్ వేసి పంపిద్దాం అనే ఆలోచన వద్దు. భుజాల మీదకు వచ్చే లాక్, తొడల మీద బిగించే రాడ్ ఒక కొలత ఉన్న శరీరాన్ని పట్టుకునేలా తయారు చేస్తారు. అంతకంటే చిన్న ఒళ్లు అందులోంచి జారిపోవచ్చు. ధైర్యానికీ దీనికీ సంబంధం లేదు. బీపీ, గుండె జబ్బు, నడుం నొప్పి ఉన్నవాళ్లు, గర్భిణులు కూడా సిగ్గుపడకుండా వద్దని చెప్పేయాలి.

జుట్టు, చున్నీ విషయం ఇంకా ముఖ్యం. 2020 అక్టోబర్‌లో హైదరాబాద్ శివారు గుర్రంగూడ దగ్గర గో కార్టింగ్ చేస్తుండగా జుట్టు చక్రంలో చిక్కుకుని ఓ బీటెక్ అమ్మాయి ప్రాణాలు పోయాయి. పెద్ద పార్కైనా, ఊళ్లో ఎగ్జిబిషన్ జెయింట్ వీల్ అయినా జుట్టు ముడేసి క్లిప్ పెట్టాలి, చున్నీ తీసి బ్యాగులో పెట్టాలి. సీటులో కూర్చున్నాక స్టాఫ్ వచ్చి లాక్ లాగి చూడకపోతే చెయ్యెత్తి పిలవండి. లాక్ వదులుగా అనిపిస్తే రైడ్ కదలకముందే గట్టిగా చెప్పండి. సెల్ఫీ స్టిక్ సంగతి అసలు మర్చిపోండి.

అమ్మ ఒడ్డున కూర్చోకూడదంటే

వాటర్ రైడ్స్ దగ్గర ఓ దృశ్యం తప్పకుండా కనిపిస్తుంది. పిల్లలు, నాన్న నీళ్లలో. చీర కట్టుకుని వచ్చిన అమ్మ ఒడ్డున, నాలుగు బ్యాగులు, ఐదు జతల చెప్పుల మధ్య. ఆమెకూ పూర్తి టికెట్టే కొన్నారు మరి! కాటన్ బట్టలు, చీరలు, జీన్స్‌తో నీళ్లలోకి రానివ్వరు. కాటన్ నీళ్లు పీల్చుకుని బరువెక్కుతుంది, స్లైడ్ మీద జారదు, దారాలు ఊడి ఫిల్టర్లలో చేరతాయి. జిప్పులు, లోహపు బటన్లు స్లైడ్‌ను గీరేస్తాయి, వెనకొచ్చేవాళ్లకు గాయం చేస్తాయి. అందుకే నైలాన్ లేదా పాలిస్టర్ బట్టలే వేసుకోమంటారు.

దీనికి ఖరీదైన స్విమ్ సూట్ అక్కర్లేదు. ఒళ్లంతా కప్పే నైలాన్ లెగ్గింగ్, పొడుగు చేతుల పాలిస్టర్ టీషర్ట్ చాలు. పార్క్ లోపలి షాపులో కొనేకంటే ముందే మీ ఊరి బజార్లో తీసుకుంటే తక్కువలో వస్తాయి. ఇంట్లో ఆడవాళ్లందరికీ ఓ జత కొనిపెట్టండి, బ్యాగులకు ఓ లాకర్ అద్దెకు తీసుకోండి. ఆ లాకర్ అద్దె రోజు మొత్తంలో మీరు పెట్టే ఖర్చులన్నింటిలో సార్థకమైనది.

టికెట్లు, ఆఫర్లు, మోసాలు

ఆన్‌లైన్‌లో కొన్ని రోజులు ముందుగా బుక్ చేస్తే కొంత తగ్గుతుంది. కాలేజీ ఐడీ కార్డు ఉన్న విద్యార్థులకు, పరీక్షలు రాసినవాళ్లకు హాల్ టికెట్ మీద, పుట్టినరోజు ఉన్నవాళ్లకు వండర్‌లా అప్పుడప్పుడు ఆఫర్లు ఇస్తుంటుంది. ఒరిజినల్ కార్డు చూపించాలి, ఫోన్‌లో ఫొటో చెల్లకపోవచ్చు. వెబ్‌సైట్‌లో కనిపించే రేటులో జీఎస్టీ కలిసి ఉందో లేదో చూసుకోండి. థీమ్ పార్క్ టికెట్లపై 28 శాతం ఉన్న జీఎస్టీని 2018 జనవరిలో 18 శాతానికి తగ్గించారు. తగ్గించినా నలుగురి టికెట్ల మీద అది చిన్న మొత్తమేం కాదు.

వాట్సాప్‌లో వచ్చే సగం ధర టికెట్ల లింకులు నొక్కొద్దు. గూగుల్‌లో దొరికిన కస్టమర్ కేర్ నంబర్‌కు ఫోన్ చేసి ఓటీపీ చెప్పొద్దు. పార్క్ అధికారిక వెబ్‌సైట్ అడ్రస్ మీరే టైప్ చేసి వెళ్లండి. ఒకవేళ డబ్బులు పోతే ఆలస్యం చేయకుండా 1930కి కాల్ చేయండి.

బయటి తిండిని లోపలికి అనుమతించరు. చంటిపిల్లల ఆహారం, మందులు ఉంటే గేటు దగ్గర చెప్పండి. లంచ్ ఒంటిగంటకు కాకుండా పన్నెండుకో, రెండున్నర దాటాకో పెట్టుకుంటే ఫుడ్ కోర్టులో సీటు దొరుకుతుంది, అందరూ తినే టైమ్‌లో రైడ్స్ ఖాళీగా ఉంటాయి. హైదరాబాద్ వచ్చి బిర్యానీ లేకుండా ఎలా అంటారా? రాత్రికి పెట్టుకోండి. కడుపునిండా తిని గిర్రున తిరిగే రైడ్ ఎక్కితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

ఎక్కడ దిగాలి, ఎలా వెళ్లాలి?

ఆంధ్ర నుంచి వచ్చేవాళ్లు అలవాటు కొద్దీ అమీర్‌పేటలోనో, సికింద్రాబాద్‌లోనో రూము తీసుకుంటారు. ట్రాఫిక్‌లోనే పొద్దున గంట, సాయంత్రం గంట పోతుంది. ఎల్బీ నగర్, హయత్‌నగర్ వైపు దిగితే రెండు పార్కులకూ దగ్గర. విజయవాడ నుంచి వచ్చే దారిలో రామోజీ ఫిల్మ్ సిటీ సిటీలోకి రాకముందే తగులుతుంది కాబట్టి మొదటి రోజు అక్కడే పెట్టుకోవచ్చు. రెండో రోజు పెద్ద అంబర్‌పేట దగ్గర ఔటర్ ఎక్కి రావిర్యాల ఎగ్జిట్‌లో దిగితే వండర్‌లా. బైక్‌ల మీద వెళ్లే కుర్రాళ్లు గమనించాలి, ఔటర్ మెయిన్ రోడ్డు మీదకు టూవీలర్లను రానివ్వరు. సర్వీస్ రోడ్డే దిక్కు.

సొంత కారు లేనివాళ్లు మెట్రోలో ఎల్బీ నగర్ దాకా వచ్చి, అక్కడి నుంచి ఆర్టీసీ సిటీ బస్సులో ఫిల్మ్ సిటీకి వెళ్లొచ్చు. తెలంగాణ మహిళలకు ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం. తెలంగాణ అడ్రస్ ఉన్న గుర్తింపు కార్డు దగ్గరుంచుకోవాలి.

తిరుగు ప్రయాణంలో ఇంకో మాట. సంక్రాంతికి ముందు రోజుల్లో ఫిల్మ్ సిటీ చూసి అటునుంచి అటే విజయవాడ వెళ్దామనుకుంటే పంతంగి టోల్ ప్లాజా దగ్గర వాహనాల బారులు ఎలా ఉంటాయో ఏటా టీవీల్లో చూస్తూనే ఉన్నారు. ఆ రోజుల్లో మధ్యాహ్నం మూడింటికల్లా గేటు దాటండి. లేదంటే ఆ రాత్రికి అక్కడే ఉండి, తెల్లవారుజామున బయల్దేరండి.