పునాది సంవత్సరము

మేడ గోడల సొగసును నలుగురును మెచ్చుకొందురు; మట్టిలో దాగిన పునాదిని తలచువారు అరుదు. విద్య విషయమునను ఇంతే. పట్టము పుచ్చుకొన్నవానిని అభినందింతుము గాని, అంతకుముందు వాడు ఏ కొరతను ఎట్లు తీర్చుకొనెనో అడుగము. ఇంగ్లండులోని పెక్కు విశ్వవిద్యాలయములలో కంప్యూటరు శాస్త్ర పట్టమునకు ముందు ‘ఫౌండేషన్ ఇయర్’ అను ఒక సంవత్సరపు చదువు కలదు. దీనిని కొందరు ‘సున్న సంవత్సరము’ అనియు అందురు. ఆ సున్నకు గల విలువ మన ఉపాధ్యాయులును, విద్యార్థులును తెలిసికొనదగినది.

ఆ దేశమున విద్యార్థి పదునారవ యేటనే సాధారణముగా మూడు విషయములను ఏరుకొని, రెండేండ్లు వానినే చదువును. ఈ చదువునకు ‘ఏ లెవెల్’ అని పేరు. చరిత్ర, సాహిత్యము, అర్థశాస్త్రము ఎన్నుకొన్న బాలికకు పదునెనిమిదవ యేట కంప్యూటరు శాస్త్రముపై మనసు పోయినదనుకొందము. గణితము చదువలేదను కారణమున అనేక ద్వారములు ఆమెకు మూసికొనును. పదునారవ యేట చేసిన ఎంపికకు జీవితమంతయు కట్టుబడి యుండవలసినదేనా? ఉద్యోగములో చేరి, పదియేండ్ల పిదప మరల పుస్తకము పట్టదలచినవాని మాట యేమి? ఇట్టివారి కొరకే ఈ సంవత్సరము ఏర్పడినది. దీనితో మూడేండ్ల పట్టము నాలుగేండ్లది యగును.

దీని పూర్వకథ

పునాది సంవత్సరమునకు పేరు తెచ్చిన సంస్థ స్టాఫర్డ్‌షైరులోని కీల్. అది 1950లో ఉత్తర స్టాఫర్డ్‌షైర్ యూనివర్సిటీ కళాశాలగా తలుపులు తెరచి, 1962లో విశ్వవిద్యాలయమైనది. దాని స్థాపనకు ముఖ్యుడు లార్డ్ లిండ్సే. 1931లో రౌండ్ టేబిల్ సమావేశమునకు వెళ్ళిన గాంధీమహాత్ముడు ఆక్స్‌ఫర్డులో ఈయన యింటనే అతిథిగా నుండెను. కీల్‌లో చేరిన ప్రతి విద్యార్థియు మొదటి యేడు సాహిత్యము, చరిత్ర, విజ్ఞానశాస్త్రములను కలిపి వినవలసి యుండెను. ఒకే విద్యను చిన్ననాటనే పట్టుకొని తక్కినవానిని విడిచిన మనసు ఇరుకగునని లిండ్సే భావము. నేటి కంప్యూటరు పునాది సంవత్సరపు లక్ష్యము అంత విశాలము కాదు; రాబోవు శాస్త్రమునకు కావలసినదానినే అది నేర్పును. అయినను, ముందు సిద్ధపరచి పిదప పరుగెత్తించుట అను నీతి రెంటికిని ఒక్కటే.

మనకును ఇది కొత్త కాదు. మన పెద్దలలో పలువురు పి.యు.సి. చదివి డిగ్రీలో చేరినవారే. 2008లో స్థాపింపబడిన రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయము, పదవ తరగతి ముగించిన గ్రామీణ విద్యార్థులను చేర్చుకొని, రెండేండ్ల పి.యు.సి. పిదప నాలుగేండ్ల ఇంజనీరింగు విద్య నేర్పుచున్నది. నూజివీడు, ఇడుపులపాయ, బాసర ప్రాంగణములలో ఎందరో పేదబిడ్డలు ఈ మెట్టు మీదుగనే కంప్యూటరు విద్యకు ఎక్కిరి.

ఏమి నేర్పుదురు?

కంప్యూటరు మీటలు నొక్కుట నేర్పుదురని కొందరి భ్రమ. ముఖ్యముగా నేర్పునది గణితము: బీజగణితము, ప్రమేయములు, లాగరిథములు, కొంత కలన గణితము, సమితులు, తర్కము. దానితోపాటు ఏదైన నొక ప్రోగ్రామింగు భాషయు, చేసిన పనిని స్పష్టమైన వాక్యములలో వివరించి వ్రాయుటయు నుండును.

తర్కము ఎందులకందురా? కంప్యూటరు హృదయమున నున్నది జార్జి బూల్ తర్కమే. చెప్పులు కుట్టువాని కుమారుడుగా 1815లో లింకన్ పట్టణమున జన్మించిన బూల్ విశ్వవిద్యాలయమున చదువలేదు. పదునారవ యేటనే బడిపంతులై, స్వయంకృషిచే గణితము నేర్చి, 1849లో ఐర్లండులోని కార్క్ కళాశాలలో ఆచార్యుడైనాడు. ఆయన సమకాలికుడు డిమోర్గన్ 1806లో మన మధురలో జన్మించినవాడు. డిమోర్గన్ పేర నున్న సూత్రమును ఒక చిన్న ప్రశ్నతో తెలిసికొనవచ్చును. “రాముడు గణితమునందును ఆంగ్లమునందును ఉత్తీర్ణుడైనాడు” అనుమాట అబద్ధమైనచో నిజమేమి? “రెంటను తప్పినాడు” అని తొందరపడువారు పలువురు. సరియైన సమాధానము: గణితమున గాని, ఆంగ్లమున గాని, రెంటను గాని తప్పియుండవచ్చును. ఈ తేడా తెలియనివాడు వ్రాసిన ప్రోగ్రాము, ఒక్క విషయమున తప్పినవానిని రెంటను తప్పినవానిగా లెక్కించును.

ఇంకొక ఉదాహరణము. వెయ్యి పుటల నిఘంటువులో ఒక పదమును వెదుకవలెను. మొదటి పుటనుండి త్రిప్పినచో వెయ్యి పుటలును చూడవలసి రావచ్చును. నడుమ తెరచి, పదము ముందున్నదో వెనుకనున్నదో గ్రహించి, సగమును విడిచినచో అయిదువందలు మిగులును. మరల సగము చేసిన రెండువందలయేబది. ఇట్లు పదిసార్లు తెరచునంతలో కావలసిన పుట దొరకును. ఏలయన రెండును పదిసార్లు హెచ్చవేసిన 1024 వచ్చును. పదములు అకారాది క్రమమున లేకున్నచో ఈ ఉపాయము పనికిరాదు. ఉపాయముతోపాటు దాని షరతును గూడ గుర్తించుటయే ఈ విద్యలోని మొదటి పాఠము. లాగరిథము ఎందులకు పనికివచ్చునో అప్పుడు విద్యార్థికి బోధపడును.

చేరుటకు ముందు

విదేశమునకు పోదలచు విద్యార్థి కొన్ని సంగతులు మరువరాదు. పునాది సంవత్సరము అందరికిని అవసరము కాదు. పన్నెండవ తరగతిలో గణితము బాగుగా చదివినవారిని అనేక విశ్వవిద్యాలయములు నేరుగా మొదటి సంవత్సరమున చేర్చుకొనును. అక్కరలేని యేడునకు చెల్లించు రుసుమును, అచట నివసించు వ్యయమును తండ్రి పొలము అమ్మి తెచ్చినదే కావచ్చును. కావున దళారి మాట నమ్మక, విశ్వవిద్యాలయము ప్రకటించిన నియమములను స్వయముగా చదువవలెను. ఆ సంవత్సరమున నిర్ణీతమైన మార్కులు రానిదే పై తరగతికి పోనీయరు. అది తనంతట తాను పట్టము కాదు.

ఇక ఉపాధ్యాయులకు ఒక మనవి. పునాది వేయుటకు ఇంగ్లండు పోనక్కరలేదు. కంప్యూటరు లేని పల్లె బడిలోనైనను నిఘంటువుండును, నల్లబల్ల యుండును. “ఎట్లు తెలిసినది? ఏ షరతుపై?” అని ప్రతి లెక్కకును అడిగిన చాలును. ఇరువది మార్కులు పోగొట్టుకొన్న బాలునికి, “నీకు ఈ విద్య రాదు” అనుటకు మారుగా “నీకు ఇంకొక యేడు కావలెను” అని చెప్పగలిగిన నాడు ఆ బాలుడు నిలుచును. ఒకటికి ఎడమవైపున నున్న సున్నకు విలువ లేదు. కుడివైపున చేరినచో అదే దానిని పది చేయును. ఈ సున్న సంవత్సరము ఏ వైపున నిలుచునో నిర్ణయించునది విద్యార్థి పట్టుదలయు, గురువు ఓర్పును.