ఎనభై రూపాయల ఉద్యోగం

1943 ఏప్రిల్. కలకత్తా నగరం యుద్ధభయంతో దినమొక గండంగా గడుపుతున్న రోజులవి. అంతకుముందు డిసెంబరులోనే జపాను విమానాలు నగరంపై బాంబులు వేసి పోయాయి. వంగదేశపు పల్లెలను కరవు కబళించబోతున్నది. అటువంటి వేళ, ఇరవై రెండేళ్లు నిండవస్తున్న పొడగరి యువకుడొకడు డి.జె. కీమర్ అనే బ్రిటిష్ ప్రకటనల సంస్థలో ఉద్యోగానికి చేరాడు. హోదా జూనియర్ విజువలైజర్. అంటే ప్రకటన ఎలా కనిపించాలో ఊహించి గీసే చిత్రకారుడు. జీతం నెలకు 80 రూపాయలు.

ఆ యువకుడే సత్యజిత్ రే.

కళాభిరుచి గల ఏ యువకునికైనా పెద్ద ప్రకటనల సంస్థ నుండి నియామక పత్రం వస్తే సంతోషంతో పాటు సంశయమూ కలుగుతుంది. సబ్బులకూ బిస్కెట్లకూ సేవ చేస్తూ తన విద్య మొద్దుబారిపోదా? పోనీ, వద్దని తిప్పి పంపితే ఇల్లు గడిచేదెట్లా? రే జీవితంలో ఈ ప్రశ్నకు దొరికిన సమాధానం సూటిగా అవునన్నదీ కాదు, కాదన్నదీ కాదు.

ఆయనకు ఉద్యోగం విలాసం కాదు. తండ్రి సుకుమార్ రే 1923లో మరణించేనాటికి ఆయన రెండేళ్ల పసివాడు. తాతగారు ఉపేంద్రకిశోర్ నెలకొల్పిన ముద్రణాలయం చేయి జారిపోగా, తల్లి సుప్రభాదేవి కుమారుని వెంటబెట్టుకుని పుట్టింటివారి పంచన చేరవలసి వచ్చింది. తల్లి కోరికపై శాంతినికేతనానికి వెళ్లి నందలాల్ బోస్, వినోద్ బిహారీ ముఖర్జీ వంటి గురువుల వద్ద చిత్రకళ నేర్చినా, ఆ చదువు పూర్తి కాకుండానే 1942లో తిరిగి వచ్చారు. ఆ ఇంటికి నెలకు 80 రూపాయలంటే నిజమైన ఆసరా.

ఉద్యోగం ఆయనకు జీతం ఒక్కటే ఇవ్వలేదు. అక్షరాల అమరికలోనూ, తక్కువ గీతలతో ఎక్కువ చెప్పడంలోనూ చేయి తిరిగింది. కీమర్ సంస్థలోని డి.కె. గుప్తా సిగ్నెట్ ప్రెస్ అనే ప్రచురణ సంస్థను స్థాపించి, పుస్తకాల ముఖచిత్రాల పని రేకు అప్పగించారు. విభూతిభూషణ్ బంద్యోపాధ్యాయ నవల ‘పథేర్ పాంచాలి’ బాలల సంక్షిప్త ప్రతికి బొమ్మలు వేస్తున్నప్పుడే దానిని చలనచిత్రంగా తీయాలన్న ఊహ మొలకెత్తింది. 1950లో సంస్థే ఆయనను లండన్ పంపింది. అక్కడి కొద్ది నెలల్లో సుమారు 100 చిత్రాలు చూశారు. ఇటాలియన్ చిత్రం ‘బైసికిల్ థీవ్స్’ ఆయన సంకల్పాన్ని స్థిరపరచింది.

మరి ఉద్యోగం తీసుకున్నదేమిటి? కాలం. 1952 అక్టోబరు 27న తెల్లని రెల్లుపూల పొలంలో తొలి చిత్రీకరణ మొదలయింది. తక్కిన రోజుల్లో ఆఫీసు ఉన్నందున మళ్లీ వెళ్లడానికి మరుసటి ఆదివారం దాకా ఆగవలసి వచ్చింది. వెళ్లి చూస్తే పొలంలో పూలు లేవు, పశువులు మేసిపోయాయి! ఆ దృశ్యం పూర్తి చేయడానికి మళ్లీ పూలు పూసే ఋతువు దాకా వేచి ఉండక తప్పలేదు. భార్య నగలు తాకట్టుకు వెళ్లాయి. చివరకు పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం ధనమిచ్చి ఆదుకోగా, 1955లో చిత్రం విడుదలయింది. అది నిలదొక్కుకున్న తరువాతనే ఆయన ప్రకటనల వృత్తికి స్వస్తి పలికి పూర్తికాలం చలనచిత్రాలకు అంకితమయ్యారు.

ఇటువంటి కథే మన తెలుగునేలకు దగ్గరగా మరొకటి ఉన్నది. సికిందరాబాదు తిరుమలగిరిలో పుట్టిన శ్యామ్ బెనెగల్ 1959లో బొంబాయిలోని లింటాస్ సంస్థలో ప్రకటనల రచయితగా చేరారు. తెలంగాణ గ్రామజీవితాన్ని చిత్రించిన ఆయన తొలి కథాచిత్రం ‘అంకుర్’ వెలువడింది 1974లో. దానికి పెట్టుబడి పెట్టిన బ్లేజ్ కూడా ప్రకటన చిత్రాల పంపిణీతో సంబంధమున్న సంస్థే. నడుమ గడిచినవి పదిహేనేళ్లు! ప్రకటనల రంగం ఆయనకు కెమెరాను అలవాటు చేసింది, పెట్టుబడిదారుని చూపింది. కాని ఆ పాఠానికి రుసుముగా యౌవనంలో పెద్ద భాగాన్ని పుచ్చుకున్నది.

నేడు ఈ రంగం స్వరూపం మారింది. ప్రకటన తయారు చేసే సంస్థ వేరు, పత్రికల్లో చోటునూ టెలివిజన్‌లో సమయాన్నీ కొనే మీడియా ఏజెన్సీ వేరు. పెక్కు దేశాలలో శాఖలున్న మహాసంస్థలో కొత్తగా చేరినవాడు ఒక పెద్ద యంత్రంలో చిన్న మర. అతని బల్ల మీదికి వచ్చేది పనిలో ఒక ముక్క మాత్రమే. కనుక నియామక పత్రంలో జీతం అంకెను మాత్రమే చూసి సంతకం చేయడం తొందరపాటు. ఏ విభాగంలో వేస్తారు? చేయి పట్టి పని నేర్పేవారెవరు? సాయంత్రాలు, ఆదివారాలు తనవిగా మిగులుతాయా? ఈ మూడూ ముందుగా అడిగి తెలుసుకోవలసినవి.

నాల్గవ ప్రశ్న మాత్రం తనను తానే వేసుకోవలసింది: మిగిలిన ఆ ఆదివారం నాడు తాను చేయదలచిన పని ఏమైనా ఉన్నదా? రేకు ఉన్నది. అందుకే పూలు లేని పొలాన్ని చూసి నిరాశతో తిరిగి వచ్చినా, సోమవారం ఆఫీసుకు వెళుతూనే, పూలు మళ్లీ పూసే దాకా ఎదురు చూడగలిగారు.