వంటింటి గాలి

“ఇల్లు చూచి ఇల్లాలిని చూడు” అన్నారు మన పెద్దలు. ఇల్లు శుభ్రముగా ఉన్నదంటే ఆ ఘనత ఇల్లాలిదే అని దాని భావము. కాని ఆ ఇల్లాలు రోజంతా పీల్చే గాలి ఎట్లున్నదో చూచేవారు మాత్రము తక్కువ.

మావంటి గుమాస్తాలము అద్దె యిల్లు వెదకునప్పుడు ఏమి అడుగుతాము? అద్దె ఎంత, అడ్వాన్సు ఎన్ని నెలలది, కుళాయి ఎంతసేపు వస్తుంది, ఆఫీసుకు బస్సు దగ్గరేనా అని అడుగుతాము. ముందు గదిలో నిలబడి గాలి బాగా వస్తున్నదని సంతోషిస్తాము. వంటింటిలోకి ఒకసారి తొంగి చూచి, “ఫరవాలేదు, సర్దుకోవచ్చు” అంటాము. చెన్నపట్నమైనా, బెంగుళూరైనా, షోలాపూరైనా, బరంపురమైనా మన ఇండ్లలో ఇదే వరుస.

ఆ “సర్దుకోవడము” ఎంత ఖరీదైనదో శాస్త్రజ్ఞులు కొలిచి చూపినారు. 1981లో కర్క్ స్మిత్ అనే అమెరికా శాస్త్రవేత్త, మనదేశపు సహచరులతో కలిసి గుజరాతు పల్లెలకు పోయి, కట్టెలతోను పిడకలతోను వంటచేసే స్త్రీలకు చిన్న యంత్రములు తగిలించి, వారు పీల్చే పొగ ఎంతో లెక్కకట్టినారు. గాలి చెడిపోవడమంటే ఫ్యాక్టరీ గొట్టాలు, మోటారు బండ్లు అనుకొనే లోకానికి, అసలు పొగ పొయ్యి ముందే ఉన్నదని ఆ లెక్క చెప్పినది.

తరువాత చెన్నై పోరూరులోని శ్రీరామచంద్ర వైద్య కళాశాలకు చెందిన కల్పనా బాలకృష్ణన్ గారి బృందము మన తెలుగు పల్లెలలోనే ఇటువంటి పరీక్ష జరిపినది. నేడు తెలంగాణలో ఉన్న నిజామాబాదు, వరంగల్లు, రంగారెడ్డి జిల్లాలు అప్పుడు ఆంధ్రప్రదేశ్‌లోనివి. ఫలితములు 2004లో అచ్చయినవి. ఘనపు మీటరు గాలిలో ఊపిరితిత్తులలోకి పోగల సన్నని ధూళి, 24 గంటల సగటున, గ్యాసు వాడే ఇండ్లలో 73 మైక్రోగ్రాములు. కట్టెలు, పిడకలు వాడే ఇండ్లలో 732 వరకు పోయినది. అంటే పదింతలు!

అందులో మరొక సంగతి మమ్ములను ఆలోచింపజేసినది. ఆ పొగ ఆడవారిలో 15 మొదలు 40 ఏండ్ల వారికి ఎక్కువ సోకినది. వంట వారిదే గదా! మగవారిలో ఎక్కువ సోకినది 65 మొదలు 80 ఏండ్ల ముసలివారికి. వారు ఇంటిపట్టున ఉంటారు. దీనిని బట్టి చూస్తే ఇల్లు కుదిర్చి, అద్దె మాట్లాడి, పొద్దున్నే ఆఫీసుకు పోయే మనిషి ఆ ఇంటి గాలిని అందరికన్న తక్కువ పీలుస్తాడు. ఎక్కువ పీల్చేవారిని మాత్రము ఎవరూ అడగరు.

ఈ పొగవల్ల పసిపిల్లలకు న్యుమోనియా, పెద్దలకు విడువని దగ్గు, ఆయాసము, గుండెజబ్బు వస్తాయి. 2020లో ఇంటి పొగవల్ల ప్రపంచములో 32 లక్షలమంది మరణించినారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా.

“మా యింట గ్యాసు ఉన్నది, మాకేమి?” అని కొందరు పాఠకులు అనవచ్చు. తమిళనాడు పల్లెలలోను, మరి మూడు దేశములలోను సుమారు 3,200 మంది గర్భిణులతో జరిగిన ఒక పెద్ద పరిశోధన 2022లో వెలువడినది. కట్టెల పొయ్యి వారు 71 మైక్రోగ్రాముల సన్నధూళి పీల్చగా, గ్యాసు ఇచ్చినవారు 24 పీల్చినారు. గ్యాసు మేలు చేసిన మాట నిజమే. అయినా బిడ్డల బరువులో చెప్పుకోదగిన తేడా కనిపించలేదు. ఆరోగ్య సంస్థ 2021లో పెట్టిన రోజువారీ హద్దు 15. కనుక గ్యాసు వచ్చినంతమాత్రాన పని ముగిసినదనుకోరాదు. గ్యాసు మంటనుంచి కూడా నైట్రోజన్ డయాక్సైడు అనే వాయువు వస్తుంది. పోపు ఘాటు, నూనె పొగ సరేసరి. ఇక దోమల కాయిల్ సంగతి వినండి: ఒక్క కాయిల్ కాలితే 75 మొదలు 137 సిగరెట్ల పొగలో ఉన్నంత సన్నధూళి వస్తుందని 2003లో ఒక పరిశోధన తేల్చినది. తలుపులు బిగించి, పిల్లలను పడుకోబెట్టి, దానిని వెలిగిస్తున్నాము!

చేయవలసినవి పెద్ద ఖర్చు పనులు కావు. వంటింటి కిటికీకి అడ్డముగా పెట్టిన డబ్బాలు తీసివేయవలెను. వెంటిలేటరుకు అంటించిన కాగితము చింపివేయవలెను. పొగను లాగే ఫ్యాను పెట్టితే అది గాలిని నేరుగా బయటికి నెట్టవలెను గాని పక్కగదిలోకి కాదు. పోపు పెట్టడానికి ముందే దానిని వేసి, వంట అయిన తరువాత కూడా కొంతసేపు తిరగనీయవలెను. వేన్నీళ్ళకు కట్టెల పొయ్యి తప్పనివారు దానిని పెరటిలో పెట్టుకోవలెను. కాయిల్‌కు బదులు దోమతెర కట్టుకొనుట మేలు. అగరువత్తి, సాంబ్రాణి వేసినప్పుడు కిటికీ తెరిచి ఉంచవలెను. మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకొని ఎన్నడూ నిద్రపోరాదు. దాని నుండి వచ్చే కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు, ప్రాణము మాత్రము తీస్తుంది.

ఈసారి ఇల్లు మారేటప్పుడు ముందుగదిలో ఆగక నేరుగా వంటింటికి నడవండి. పొయ్యి ఎక్కడ పెట్టాలి, పొగ ఎటు పోవాలి అన్నది ఆ యింటి ఆడవారినే చూచి చెప్పమనండి. ఆమె సరేనన్న తరువాతనే అడ్వాన్సు చెల్లించండి.