ఎలుకకు అప్పులుండవు

"తాతా, ఎలుకకు డిప్రెషన్ వస్తదా?" అని అడిగినవు గదా బిడ్డా. బీఫార్మసీ చదివే పిల్ల అడగాల్సిన ప్రశ్నే. మీ కాలేజీల ఇప్పుడు ఎలుకను చేతికియ్యరు, ప్రయోగమంతా కంప్యూటర్లనే చూపిస్తరు. నువ్వు చూసిన వీడియోల ఎలుకను నీళ్లున్న గాజు గొట్టంల వేసిండ్రు. అది గుండ్రంగ ఈదింది, గోడలు గీకింది, జర సేపటికి ఆగి ముక్కు పైకి పెట్టి తేలింది. మందిచ్చిన ఎలుక ఇంకా ఎక్కువసేపు ఈదింది. "దీనికీ ఆదిలాబాద్ రిమ్స్‌ల రాసే గోళీకీ ఏం సంబంధం?" అన్నవు. కూసో, చెప్త. జర వెనుక నుంచి రావాలె.

డిప్రెషన్‌కు మొదటి మందులు ఎలుకలల్ల దొరకలే. మనుషులల్లనే, అదీ అనుకోకుంట దొరికినయ్. 1952ల న్యూయార్క్‌ల సీ వ్యూ అనే క్షయ దవాఖానల రోగులకు ఐప్రోనియాజిడ్ అనే కొత్త మందిచ్చిండ్రు. మంచం దిగనోళ్లకు హుషారొచ్చింది, ఆకలి పెరిగింది. డాక్టర్లకే ఇదేందని అనిపించింది. ఇంకో నాలుగేండ్లకు స్విట్జర్లాండ్‌ల రోలాండ్ కూన్ అనే మానసిక వైద్యుడు స్కిజోఫ్రీనియాకు పనికొస్తదేమోనని ఇంకో మందు వాడి చూసిండు. దానికి పనిచెయ్యలే గాని, దిగాలుతోటి కుంగిపోయినోళ్లు కోలుకున్నరు. అదే ఇమిప్రమిన్. 1957ల ఆ సంగతి అచ్చేయించిండు.

మరి ఎలుక ఎక్కడొచ్చిందంటవా? మన సర్పగంధ వేరుతోటి వచ్చింది. 1931ల కలకత్తాల గణనాథ్ సేన్, కార్తిక్ చంద్ర బోస్ అనే ఇద్దరు ఆ వేరు బీపీకి, పిచ్చికి పనిచేస్తున్నదని రాసిండ్రు. 1952ల సీబా కంపెనోళ్లు ఆ వేర్ల నుంచి రెసర్పిన్ తీసిండ్రు. దాన్ని జంతువులకు ఇస్తే కనురెప్పలు వాలిపోయి, ఉన్న కాడనే కూసుంటయ్. 1955ల అమెరికాల బ్రోడీ అనే ఆయన జట్టు, రెసర్పిన్‌తోటి సెరొటోనిన్ అనే రసాయనం తగ్గిపోతున్నదని తేల్చింది. ఆ తర్వాత, ఇమిప్రమిన్ ముందుగాలనే ఇచ్చిన జంతువుకు రెప్పలు వాలవని తెలిసింది. ఇంకేమున్నది, పరీక్ష దొరికినట్టే అనుకున్నరు. ఏ కొత్త మందు వాలిన రెప్పలను లేపితే అది డిప్రెషన్ మందు!

తమాషా ఏందంటే, సరిగ్గ అదే 1955ల లండన్‌ల డేవిస్, షెపర్డ్ అనే డాక్టర్లు ఆందోళనతోటి, దిగులుతోటి ఉన్న రోగులకు రెసర్పిన్ ఇచ్చి చూస్తే కొందరికి నయమైంది. ఆ మాట ఎవ్వరి చెవికీ ఎక్కలే. ఎలుక రెప్పలే అందరికీ నచ్చినయ్.

నా దృష్టిల అసలు ముడి ఇక్కడున్నది. చేతిల ఉన్న మందును బట్టి పరీక్షను కుట్టిండ్రు. ఆ పరీక్షల నెగ్గేటియి మళ్ల ఆ మందు లాంటియే. అందుకే ఎన్నో ఏండ్లు ఒకే తీరు గోళీలు వచ్చుకుంట పోయినయ్.

నువ్వు చూసిన ఈత పరీక్ష 1977ల పోర్సోల్ట్ అనే ఆయన పెట్టింది. ఎలుకనైతే మొదటి దినం పదిహేను నిమిషాలు, మరునాడు ఐదు నిమిషాలు నీళ్లల్ల ఉంచుతరు. ఎంతసేపు కదలకుంట తేలిందో లెక్కరాస్తరు. అది ఆశ వదులుకున్నదని ఆయన అన్నడు. నాకైతే ఇంకో తీరు తోస్తది, ఈ మాట అనే శాస్త్రవేత్తలు కూడ ఉన్నరు: దారి లేదని ఎలుకకు నిన్ననే తెలిసింది, తేలితే మునగనని కూడ తెలిసింది, మరి ఉత్తగ కాళ్లాడిచ్చుడు ఎందుకు? అది తెలివే గదా. ఇంకో లోపం, ఒంట్ల చురుకు పుట్టించే ఆంఫెటమిన్ లాంటియి ఇచ్చినా ఎలుక ఎక్కువసేపే ఈదుతది. ఇమిప్రమిన్ ఎలుకకు ఒక్క దినంల మూడుసార్లు ఇస్తే చాలు, ఈత మారుతది. మనిషికి రెండు మూడు వారాలైనా పట్టాలె. అయినా ఇప్పటికీ మన దగ్గర ఎన్నో పత్రాలల్ల "ఈ ఆకు రసం తాగిన ఎలుక ఎక్కువసేపు ఈదింది, గనక ఇది డిప్రెషన్‌కు మందు" అని రాసుకుంటరు. ఆ "గనక" దగ్గర నాకు మనసొప్పదు బిడ్డా. ఆస్ట్రేలియాల న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రం 2024ల ఈ పరీక్షను చట్టం చేసి ఆపింది.

అట్లని అన్నీ గంతేనా అంటే కాదు. 1987ల పాల్ విల్నర్ జట్టు జర ఓపికైన పని చేసింది. ఎలుకను ఒక్కసారి భయపెట్టుడు కాదు, వారాలపొడుగు చిన్న చిన్న ఇబ్బందులు పెట్టుడు. ఒకనాడు బోను వంచుతరు, ఒకనాడు కింద పరిచిన పొట్టు తడుపుతరు, ఇంకోనాడు రాత్రంతా దీపం పెడుతరు. తర్వాత రెండు సీసాలు పెడుతరు, ఒకటి ఉత్త నీళ్లు, ఇంకొకటి చక్కెర నీళ్లు. బాగున్న ఎలుక చక్కెర వైపే పోతది. సతాయించిన ఎలుకకు ఆ మోజు తగ్గుతది. ఇమిప్రమిన్ ఇస్తే మళ్ల వస్తది, అదీ వారాలు గడిచినాకనే. మనిషి తీరుకు ఇది దగ్గరున్నది. అయితే ఇదే ప్రయోగం కొన్ని ల్యాబులల్ల కుదిరింది, కొన్నిట్ల కుదరలే.

ఇక కుక్కల ముచ్చట. అది చదివితే ఇప్పటికీ నా కడుపుల తిప్పుతది. 1967ల అమెరికాల సెలిగ్‌మన్, మేయర్ అనే ఇద్దరు తప్పించుకోరాని కరెంటు షాకు పెట్టిన కుక్కలను, తర్వాత దారున్న పెట్టెల వేసిండ్రు. చానా కుక్కలు లేచి దుంకలే, అక్కడనే పడుకున్నయ్. ఏం చేసినా లాభం లేదని అవి నేర్చుకున్నయని వాళ్లిద్దరు చెప్పిండ్రు. యాభై ఏండ్లకు, 2016ల, ఎలుకల మెదడు చూసినాక వాళ్లే తమ మాట తిరగేసిండ్రు. ఆగకుంట బాధ పడుతుంటే ఏమీ చెయ్యకుంట ఉండిపోవుడే జీవికి సహజమట. నేర్చుకునేది రెండోది, "ఇది నా చేతిల ఉన్నది" అన్నది. మెదడు ముందు భాగం దాన్ని పసిగట్టి వెనుక భాగాన్ని ఊకోబెడుతదట.

ఈ ముచ్చట చదివినప్పుడు నాకు మన నల్లరేగడి మీద పత్తి పెట్టేటోళ్లే యాదికొచ్చిండ్రు. వాన వాళ్ల చేతిల లేదు, ధర లేదు, మిత్తి లేదు. కాని ఎలుకకు అప్పులుండవు. పిల్ల పెండ్లి గురించి ఆలోచన ఉండదు, అంగట్ల నలుగురు ఏమంటరోనన్న సిగ్గు ఉండదు. నేను పనికిరానోన్ని అని ఎలుక అనుకుంటదో లేదో ఏ గొట్టంల కొలుస్తరు? రాత్రి అట్ల అనుకునే మనిషి మనింటి పక్కన ఉంటే మనసు బాగలేనోళ్లకు సర్కారు పెట్టిన టెలి మానస్ ఫోను నెంబరు 14416 చెప్పాలె, ఉత్తగనే మాట్లాడొచ్చు, తెలుగులనే.

మరి ఎలుక ఎందుకు కావాలె? మెదడు లోపల జరిగేది చూసేటందుకు. బతికున్న మనిషి నరకణాలను కోసి చూడలేం గదా. బెంగళూరుల ఎన్‌సీబీఎస్ అనే పరిశోధన సంస్థల సుమంత్ర చటర్జీ జట్టు 2002ల ఒక సంగతి చూపెట్టింది. సతాయించిన ఎలుకలల్ల, జ్ఞాపకాన్ని చూసుకునే హిప్పోక్యాంపస్‌ల నరకణాల కొమ్మలు నీళ్లందని పత్తి చెట్టు లెక్క ముడుచుకున్నయ్. భయాన్ని చూసుకునే అమిగ్డలల మాత్రం కొమ్మలు పెరిగినయ్! ఒకే సతాయింపు, ఒక తావుల కోత, ఇంకో తావుల పెరుగుదల. ఇది ఊహతోటి తెలిసేది కాదు.

కెటమిన్ సంగతి కూడ అట్లనే. మత్తుమందుగ ఎప్పటినుంచో ఉన్నదే. 2000ల అమెరికాల యేల్ యూనివర్సిటీ డాక్టర్లు కొద్దిమంది డిప్రెషన్ రోగులకు ఎక్కిస్తే గంటలల్లనే తేడా వచ్చింది. ఇది మళ్ల మనిషిలనే దొరికింది. ఎందుకట్ల అన్నది మాత్రం ఎలుక చెప్పింది: 2010ల యేల్‌లనే డ్యూమన్ జట్టు, మెదడు ముందు భాగంల నరకణాల నడుమ కొత్త అతుకులు జల్ది పుడుతున్నయని చూపెట్టింది. దాని చుట్టం ఎస్కెటమిన్‌కు 2019ల అమెరికాల అనుమతొచ్చింది, ముక్కుల కొట్టుకునే మందుగ.

నువ్వు రేపు ఎంఫార్మసీ చేస్తే నిజం ఎలుకలే చేతికొస్తయ్. మన హైదరాబాద్ తార్నాకల జాతీయ పోషకాహార సంస్థోళ్లు ఎన్నో ల్యాబులకు ఎలుకలను పెంచి ఇచ్చిండ్రు. ముందు కాలేజీ నీతి కమిటీకి ఫారం పెట్టాలె, ఎన్ని ఎలుకలు, ఎందుకు అన్నీ రాయాలె. అక్కడ ఒకటి గమనించు. ఆడోళ్లల్ల డిప్రెషన్ మగోళ్లకు రెండింతలు దాక ఉంటదని ప్రపంచమంతా లెక్కలు చెప్తయ్. ఇన్నేండ్లు ల్యాబులల్ల వాడింది మాత్రం ఎక్కువగ మగ ఎలుకలనే. ఆడ ఎలుకకు హార్మోన్లు మారుతయ్, లెక్క చెడుతదని సాకు. ఇంకో పరీక్షల బలమైన మగ చిట్టెలుకతోటి బలహీనమైనదాన్ని పది దినాలు కొట్టిపిస్తరు, ఆడదాని మీదికి అది పోనే పోదు, గనక ఆ పరీక్ష చానా ఏండ్లు మగవాటి మీదనే నడిచింది. ఫారంల "మగ" అని టిక్కు పెట్టే ముందు ఎందుకని మీ సారును అడుగు. ఆయన కోపం చేస్తే తాత అడగమన్నడని చెప్పు.